ఆవిడ తలుపెందుకు వేసుకుంది?

మొన్న మా పట్నంలో పఠనమందిరం వారు సాహిత్య సభ పెట్టారు. ఉపన్యాసం ఒక ప్లీడరు గారిది. విషయం, మనలో అందరూ చదివామని చెప్పుకునే ఆ పాత నవల. పేరు చెప్పను. చెబితే దాని అభిమానులు నన్ను వెతుక్కుంటూ ఇంటికొస్తారు. వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వాలి.

ప్లీడరు గారు నవలలోని నాయికని తిన్నగా సాక్షుల బోనెక్కించారు. తెలియనివాళ్ళ కోసం ఆ ఘట్టం చెబుతాను. నాయిక మొగుడు దేశాలు పట్టిపోతాడు. ఏళ్ళు గడిచాక గడ్డం పెంచుకుని, బైరాగి వేషంలో, తన గుమ్మంలోకే వచ్చి భిక్ష అడుగుతాడు. నాయిక పోల్చుకోదు. గడప దాటకుండా దూరం నుంచే చెయ్యి చాచి బియ్యం వేసి, తలుపు మూసుకుంటుంది. ఆయన కన్నీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోతాడు. తరవాత మనల్ని బోలెడు ప్రకరణాలు ఏడిపించి, ఒక సాయంకాలం పెరటి దారిన వచ్చి పెళ్ళినాటి ఉంగరం చూపిస్తాడు. ఆవిడ ఆనందం పట్టలేక మూర్ఛపోతుంది. అంతటితో గ్రంథం సమాప్తం.

"అయ్యలారా! కాపురం చేసిన మొగుణ్ణి కాస్త గడ్డం అడ్డమొస్తే పోల్చుకోలేని ఇల్లాలు ఈ లోకంలో ఎక్కడైనా ఉందా?" అని అడిగారు ప్లీడరు గారు. సభ గొల్లుమంది. గొల్లుమని, అలవాటు ప్రకారం నా వైపు తిరిగింది. సభల్లో నాకొక ఉద్యోగం ఉంది. ఎవరైనా గంభీరంగా ఊదిన బుడగకి సూది గుచ్చడం. జీతం లేకపోయినా సెలవు కూడా లేని ఉద్యోగం.

నేను లేచి, "ఆవిడ తలుపెందుకు వేసుకుందో ఎవరూ అడగలేదేం?" అన్నాను.

మళ్ళీ గొల్లుమన్నారు. నేను నవ్వించాలని అనలేదు. కూర్చున్నాను.

ఆ తలుపు సంగతి మొదట అడిగిన మనిషి వేరు. ఆవిడ పోయారని అంతకు కొద్దిరోజుల ముందే కబురొచ్చింది. మన్యంలోనే, చలిజ్వరంతోనే. ఆవిడ పేరు నేనొక్కసారే విన్నాను. ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ఆ చోటికి వచ్చినప్పుడు చెబుతాను. నా పాత కచేరీలో హెడ్డు గుమాస్తాగారికి తోడబుట్టిన అక్క. ఆయన అక్కా అనేవారు, మేమంతా అక్కగారూ అనేవాళ్ళం, కొండవాళ్ళు అమ్మా అనేవారు. ఆవిడకి వేరే పేరు అవసరం పడినట్టు కనపడేది కాదు.

అప్పట్లో నేను అరకు లోయలో అడవి కచేరీలో చిన్న గుమాస్తాని. మా హెడ్డు గుమాస్తాగారి భార్య జ్వరానికి భయపడి కొండెక్కనంది. ఆయన భార్యకి భయపడి సరేనన్నారు. రెండు భయాల మధ్యా ఆయన పస్తుండకుండా వండిపెట్టడానికి అక్కగారు ఎడ్లబండిలో ఘాటీ ఎక్కి వచ్చారు. పెళ్ళికాని గుమాస్తాని గనక నాక్కూడా ఆ ఇంట్లోనే భోజనం.

ఆవిడంటే ముందు కళ్ళకి కట్టేది బొట్టు. రూపాయి కాసంత. ఆ కొండల్లో పొద్దున్నే మంచు దిగి ఎదుటి మనిషి కనిపించకపోయినా బొట్టు కనిపించేది. తరవాత జుట్టు. పెరట్లో ఆరబోసుకుని కూర్చుంటే అది వేరే మనిషెవరో వీపున వాలి పడుకున్నట్టుండేది. ఆ రెండిటికీ కారణమైన మొగుడు మాత్రం లేడు. పెళ్ళయిన మూడో ఏట ఎటో పోయాడు, మరి జాడ లేదు.

నేను చనువు ముదిరాక ఒకసారి అడిగేశాను. "ఉన్నాడో లేడో తెలియని మనిషి కోసం పొద్దున్నే అంత శ్రద్ధగా దిద్దుకుంటారేమండీ?"

"ఆయన కోసమని ఎవరన్నారు? నా మొహం, నా బొట్టు. అద్దంలో నాకు బాగుంటుంది" అన్నారు.

ఆవిడ కుడి మణికట్టు కొంచెం వంకర. గరిట పట్టుకుంటే ఎడమ చేత్తో దానికి ఆసరా ఇచ్చేవారు. ఎలా విరిగిందని అడిగితే ఒకసారి నూతి గట్టు మీద జారానన్నారు. ఇంకోసారి ఉయ్యాల్లోంచి పడ్డానన్నారు. మరోసారి ఆవు కుమ్మిందన్నారు. "ఒక్క చెయ్యి ఇన్నిచోట్ల విరగాలంటే చాలా తీరిక ఉండాలండీ" అన్నాను. "ఆ రోజుల్లో తీరికే కదా నాయనా" అని విస్తరాకు అందుకున్నారు.

విస్తళ్ళు కుట్టడం ఆవిడ వ్యసనం. సంతరోజు కొండమనిషి ఒకామె అడ్డాకుల మోపు దింపి వెళ్ళేది. దింపుతూ కొప్పులోంచి ఒక సంపెంగి తీసి, "ఇదిగోటమ్మా, ఎట్టుకో. ఇంత జుట్టుకి ఒక్క పూవు సాల్దు గానీ" అనేది. ఆవిడ పూవు పెట్టుకుని, ఈనెపుల్లలు సిద్ధం చేసుకుని, దీపాలు పెట్టే వేళకి వసారాలో కూర్చునేవారు. నేను ఎదురుగా కూర్చుని నవల చదివేవాణ్ణి. ఆవిడకి చదువు వచ్చు. చేతులు ఖాళీ లేక నా నోరు అరువు తీసుకునేవారు. అది ఖాళీ లేకుండా ఉంటే లోకానికి మంచిదని హెడ్డు గుమాస్తాగారూ ఒప్పుకున్నారు.

అలా ఆ నవల మొదలయింది. బైరాగి ఘట్టం వచ్చింది. గొంతు వణికించి చదివాను. ఆవిడ ఆకు పక్కన పెట్టారు.

"ఇది జరగదు" అన్నారు.

"అచ్చయిందండీ. జరగకేం."

"జరగదయ్యా. మొహం చూసి పోల్చుకుంటారేమిటి మొగుణ్ణి? మొహం చూసే వీలు ఏ కోడలికి ఉంటుంది? అడుగులు విని పోల్చుకుంటాం. దగ్గు విని పోల్చుకుంటాం. మా ఆయన్నే తీసుకో. పీట వేస్తే చాలు, వంగి వేలి కణుపుతో టకటకమని రెండు దెబ్బలు కొట్టిగాని కూర్చునేవాడు కాదు. చెక్క గట్టిదో కాదోనని అనుమానం. వంటింట్లో ఎంత పొగలో ఉన్నా ఆ చప్పుడు వింటే తెలిసేది, వచ్చాడని. దానికి గడ్డం ఏం అడ్డం?"

మొగుడి గురించి ఆవిడ నోట నేను విన్నది ఆ కాసిన్ని ముక్కలే. ఇంకొకటి కూడా అడిగారు. "పట్టపగలు, బైరాగికి బియ్యం వేసిన మనిషి వెంటనే తలుపెందుకు వేసుకుంటుంది? బైరాగి ఇంట్లోకొస్తాడా?"

"గాలి వేసిందేమోనండీ. గ్రంథకర్త రాయడం మరిచిపోయాడు" అన్నాను.

ఆవిడకి నచ్చలేదు. నాకూ నచ్చలేదుగాని, తరవాతి ప్రకరణంలో దొంగలున్నారు.

ఈ వాదం తేల్చాలని నేనొక పరీక్ష పెట్టాను. ఒకనాడు కచేరీ అయ్యాక జీలుగు పీచు గడ్డం కట్టుకుని, గొంగళి కప్పుకుని, ఒంటికి బూడిద పూసుకుని, చేతిలో కర్రతో వెళ్ళి వసారా ముందు నిలబడ్డాను. కచేరీ బంట్రోతు నన్ను చూసి దణ్ణం పెట్టాడు. ఎప్పుడూ పెట్టనివాడు. దాంతో ధైర్యం వచ్చి, "భవతీ భిక్షాందేహి" అని పొట్టలోంచి తీశాను.

ఆవిడ ఆకు మీంచి తలెత్తలేదు. "చెరువులో కాళ్ళు కడుక్కురా. బూడిద మెట్ల మీద పడుతోంది. ఆ పీచు మాత్రం పారెయ్యకు. అంట్లు తోముకోవాలి."

అంతటి చెవి ఆవిడది. సంత నుంచి దిగే కొండవాళ్ళందరికీ ఒకటే గొంగళి, ఒకటే నడక అనిపిస్తుంది నాకు. ఆవిడ మాత్రం పొయ్యి దగ్గరినుంచే ఎవరెవరు పోతున్నారో చెప్పేవారు. ఇది గుర్తుంచుకోండి. దీంతో పని ఉంది.

ఆ ఏడు వలిసె చేలు పూసి లోయంతా పసుపు పారబోసినట్టున్న రోజుల్లో కింద నుంచి కబురొచ్చింది. మనిషి కనిపించక పన్నెండేళ్ళు నిండితే శాస్త్రం ఇంక ఆగదు. మోదుగాకులతో మనిషిబొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపించేస్తుంది. ఆ మీదట ఆ ఇల్లాలికి బొట్టూ ఉండదు, జుట్టూ ఉండదు. అక్కగారి మొగుడికి ఆ గడువు దగ్గరపడిందని ఆవిడ మరిది కబురు.

హెడ్డు గుమాస్తాగారికి ముద్ద దిగలేదు. ఆయన్ని నవ్వించాలని నేను నాకు తెలిసిన శాస్త్రం తీశాను. "అప్పుడే అయిపోలేదండీ. దహనం అయ్యాక మనిషి ఒకవేళ బతికొచ్చాడనుకోండి, వాణ్ణి నేతికుండలో దింపి పైకి తీసి, మళ్ళీ పుట్టినట్టు బారసాల దగ్గర్నుంచీ చెయ్యాలిట. పెళ్ళాన్ని మళ్ళీ పెళ్ళాడాలిట. గడ్డాలాయన్ని ఉయ్యాల్లో వేసి ఎవరు ఊపుతారు?"

అక్కగారు కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వి, తుడుచుకుని, "మళ్ళీ పెళ్ళంటే, ఈసారి పిల్లని అడుగుతారటా?" అన్నారు.

అది శాస్త్రంలో ఉందో లేదో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

తరవాత సంతవారానికి మరిదిగారు స్వయంగా వచ్చారు. ఒంటరిగా కాదు. బండిలోంచి ఆయన వెనకాల ఇంకొకాయన దిగాడు. పొడుగాటి మనిషి. గుండెల దాకా గడ్డం. కాషాయం గుడ్డ. నెమ్మదైన కళ్ళు. అచ్చం నవలలోంచి దిగినట్టున్నాడు. నేను నోరు మూసుకోవడం చూసి హెడ్డు గుమాస్తాగారు కంగారుపడ్డారు.

మరిదిగారు మంచివారు. బతికున్న అన్నని తగలబెట్టిన పాపం తనకి చుట్టుకోకూడదని మఠాలన్నీ గాలించి, ఎక్కడో యాత్రాస్థలంలో ఈయన్ని పట్టుకున్నారు. నేను ఫలానా అని ఆయనే చెప్పాట్ట. మేనమామల పేర్లు చెప్పాడు. ఇంటి వెనక చెట్లు చెప్పాడు. అయితే అన్నగారితో మఠంలో కలిసి ఉన్నవాడెవడైనా అవి చెప్పగలడు. పోల్చి చెప్పడానికి పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. "మీరు పోల్చుకోలేరా?" అని మరిదిగారిని అడిగాను.

"అన్నయ్య పోయేనాటికి నేను పసివాణ్ణి. మొహం గుర్తులేదు. మొట్టికాయ గుర్తుంది" అన్నారాయన, నడినెత్తి తడుముకుని.

అందుకని పురోహితుడు తీర్పు చెప్పేశాడట. ఇల్లాలి మాటే సాక్ష్యం. అవునంటే ఆవిడ ముత్తయిదువ, కాదంటే మోదుగాకులు.

హెడ్డు గుమాస్తాగారు పెరట్లోకి పరిగెత్తారు. ఆవిడ జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. "అక్కా, బావ... బావలాగే ఉన్నాడే. ఒక్కమాట అవుననెయ్యి. అంతే. నీ బొట్టు, నీ జుట్టు..." అంటూ ఏడుపు గొంతు పెట్టారు. నాకూ ఆ క్షణాన అదే ప్రార్థన. బావలాగే ఉండటానికి హెడ్డు గుమాస్తాగారు బావని చూసి ఎన్నేళ్ళయిందన్న ప్రశ్న నా నాలిక చివర ఉంది. దాన్ని అక్కడే ఉంచాను.

అక్కగారు జుట్టు ముడేసుకున్నారు. "ముందు భోజనాలు కానివ్వండి. ఘాటీ ఎక్కి వచ్చినవాళ్ళు. ఆకలి మీద ఉన్నవాళ్ళ గురించి సాక్ష్యం చెప్పకూడదు" అన్నారు.

వసారాలో పీటలు వేశాను. అడ్డాకు విస్తళ్ళు పరిచాను. మరిదిగారు కూర్చున్నారు. హెడ్డు గుమాస్తాగారు కూర్చున్నారు. గడ్డాలాయన తన పీట దగ్గర నిలబడి, వంగి, వేలి కణుపుతో టకటకమని రెండు దెబ్బలు కొట్టి, కూర్చున్నాడు.

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

నేను తల తిప్పి చూశాను. ఆవిడ గుమ్మంలో అన్నం గిన్నెతో నిలబడి ఉన్నారు. మొహంలో ఏమీ లేదు. వాన వెలిసిన గోడలా ఉంది. తరవాత అన్నం గిన్నె కింద పెట్టి, కుడిచెయ్యి పైటచెంగు లోపలికి తీసుకున్నారు. ఎడమ చేత్తో గరిట పట్టుకుని వడ్డించడం మొదలుపెట్టారు.

"అక్కా! ఎడమ చేత్తోనా?" అన్నారు హెడ్డు గుమాస్తాగారు, అతిథుల ముందు పరువు పోతోందని.

"కుడిది ఇవాళ నొప్పిగా ఉందిరా" అన్నారావిడ.

తమ్ముడికీ మరిదిగారికీ దగ్గరగా వచ్చి వడ్డించారు. ఆయన దగ్గర మాత్రం జానెడు ఎడంగా ఆగి, చెయ్యి చాచి వేశారు. పప్పు వేశారు, నెయ్యి వేశారు. మరిదిగారు ఔపోసన పట్టిన నీళ్ళు చేతిలోనే ఉంచుకుని, "వదినా, చెప్పెయ్. మాకు ముద్ద దిగదు" అన్నారు.

ఆవిడ గడ్డాలాయన్ని తిన్నగా చూశారు. అంత తిన్నగా ఒక ఆడమనిషి ఒక మగవాణ్ణి చూడటం నేను చూడలేదు. ఆయన కూడా తలెత్తి, ఎంతో మెత్తగా ఆవిడ పేరు పెట్టి పిలిచాడు.

ఆ పేరు నేను అప్పుడే విన్నాను. ఆ గొంతులో విన్న పేరుని మళ్ళీ ఆవిడకి తగిలించడం నాకు ఇష్టం లేదు. అందుకే రాయను.

"ఎవరు చెప్పారో గాని బాబూ, నా పేరు సరిగ్గానే చెప్పారు" అన్నారావిడ. తరవాత మరిది వైపు తిరిగి, "ఈయన కాదు" అన్నారు. "పాపం, ఎవరో పెద్దమనిషి. మొహమాటపడతాడేమో, కడుపునిండా తినమనండి."

నవలల్లో అయితే ఇలాంటిచోట ఉరుము ఉరుముతుంది. మా పెరట్లో కోడి కూసింది, అది కూడా వేళ కాని వేళ. గడ్డాలాయన చాలాసేపు విస్తరిలోకి చూశాడు. తరవాత తిన్నాడు. పప్పు తిన్నాడు, పులుసు తిన్నాడు, మజ్జిగ దాకా తిన్నాడు. మళ్ళీ వడ్డించమని అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం నన్ను అడిగాడు. చేతులు కడుక్కుని, "ఆవిడ కాదంటే కాదే" అని మరిదితో అని, బండెక్కి కూర్చున్నాడు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. పశ్చాత్తాపంతో వచ్చాడేమో. నీడ కోసం వచ్చాడేమో. నిజంగానే ఎవరో పరాయివాడేమో కూడా. పీటలు అనుమానించే మగవాళ్ళు లోకంలో ఒక్కడే ఉండాలని లేదు. ఇలా ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటుంటాను. ప్లీడరు గారైతే ఒప్పుకుంటారు.

బండి మలుపు తిరిగాక హెడ్డు గుమాస్తాగారు గుంజకి తల ఆనించి, "ఒక్కమాట అక్కా. ఒక్కమాట అంటే పోయేది కదా" అన్నారు.

"లేనివాణ్ణి ఉన్నాడని ఎలా చెప్పనురా?" అన్నారావిడ. గడ్డాలాయన తిన్న విస్తరి తనే ఎత్తి, పెరటి చివరిదాకా వెళ్ళి పారేసి వచ్చారు.

తరవాత జరగవలసింది జరిగింది. అక్కనీ తమ్ముణ్ణీ బండి ఎక్కించి కిందికి పంపాను. కొన్నాళ్ళ పాటు నేనే వండుకుని, వండినది నేనే తిని, రెండిటికీ ప్రాయశ్చిత్తం చేసుకున్నాను. వాళ్ళు తిరిగొచ్చినరోజు బండి నుంచి ముందు హెడ్డు గుమాస్తాగారు దిగారు. మొహం వాచి ఉంది. వెనకాల తెల్లగుడ్డ తలమీదుగా కప్పుకున్న ఒక ముసలావిడ దిగారు. ఎవరినో వంటకి తెచ్చుకున్నారనుకుని, అక్కగారి కోసం బండి లోపలికి చూశాను.

ఆ చూపు ఆవిడ చూశారు.

"నేనే నాయనా. గడ్డం లేకపోయినా పోల్చుకోలేదు చూశావా?" అన్నారు.

జీవితంలో నాకు బదులు దొరకని హాస్యం అదొక్కటి.

బొట్టు ఉండే చోట నుదుటిమీద గుండ్రంగా తెల్లటి మచ్చ కనిపిస్తోంది. చుట్టూ మొహం కొండ ఎండకి కమిలి ఉంది. ఇన్నాళ్ళూ బొట్టు కాచిన మేర కమల్లేదు. శాస్త్రం తుడిచిందాన్ని ఎండ దిద్ది ఉంచింది. ఆ సాయంకాలం ఆవిడ మెట్టు మీద కూర్చుని, "తీసుకెళ్ళే ముందు ఆ మోదుగాకుల బొమ్మని చూశాను. కుట్టు ఏమీ బాగులేదు. కుడిచెయ్యి నిలవడం లేదు, ఊడొస్తోంది. ఆకుపని తెలిసినవాళ్ళని పెట్టుకోవద్దూ" అన్నారు. ఆ మాట విని హెడ్డు గుమాస్తాగారు లోపలికి వెళ్ళిపోయారు. కొంతకాలం ఆయన అక్కతో కూరల గురించి తప్ప మాట్లాడలేదు. కోపం కాదు. ఏమి మాట్లాడినా జుట్టు దగ్గరికే పోతుందని భయం.

సంతరోజు వచ్చింది. కొండమనిషి అడ్డాకుల మోపు దింపి, అలవాటుగా కొప్పులోంచి సంపెంగి తీసి, అక్కగారి తలవైపు చెయ్యి చాచి ఆగిపోయింది.

"ఏటమ్మా ఇది? జుట్టేటైపోనాది?"

"మా ఆయన పోయాడు."

"ఎప్పుడు పోనాడు? నాకు సెప్పనేదేటి?"

"పోయి చాలా కాలమైందే. మొన్ననే తేలింది."

ఆమె అక్కగారి నెత్తి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది, బీడుపడ్డ పోడు చూసినట్టు. "సచ్చిపోయినోడి కోసం ఇంత సేత్తారేటి మీరు? మా కాడైతే బతికున్నోణ్ణి ఒగ్గేసి ఎల్లిపోయినా ఇంత సెయ్యరు. కొత్తోడు వొచ్చి పాతోడికి ఓలి డబ్బు ఇచ్చుకుంటాడు. జుట్టు మాత్రం ఎవులికీ ఇయ్యం."

అక్కగారు నవ్వారు. తిరిగొచ్చాక అదే మొదటిసారి. తెల్లగుడ్డ జారిపోతున్నా పట్టించుకోకుండా, నేతికుండ రోజు నవ్వినట్టే నవ్వారు. నవ్వి, ఆ పూవు తీసుకుని, తిరిగి ఆమె కొప్పులోనే గుచ్చి, "నువ్వే ఉంచుకో. నాకు కనిపించేలా ఈ పక్కకి పెట్టుకో" అన్నారు.

ఆ వేళ దీపాలు పెట్టాక నన్ను పిలిచారు. "ఆ నవల ఉందా? బైరాగి వచ్చే చోటు తియ్యి."

నేను తీశాను. ఈసారి గొంతు వణికించలేదు. వణకకుండా చూసుకోవడమే పని అయింది. ఆవిడ ఆకులు కుడుతూ వింటున్నారు. నాయిక గడప దాటకుండా చెయ్యి చాచి బియ్యం వేసింది, తలుపు మూసుకుంది అన్నచోటికి వచ్చాను.

"ఆగు" అన్నారు. "మనం గ్రంథకర్తని ఊరికే ఆడిపోసుకున్నాం నాయనా. ఇది జరుగుతుంది. ఆ పిల్ల పోల్చుకోలేదని ఆయన అనుకుంటున్నాడు, అంతే. ఆ పిల్ల ఎప్పుడంది?"

నేను పుస్తకం వంక చూశాను. నిజమే. ఆవిడ పోల్చుకోలేదని చెప్పినది గ్రంథకర్త, ఏడ్చినది మొగుడు. ఆవిడ ఒక్కమాట అనలేదు. బియ్యం వేసింది, తలుపు వేసింది.

"ఈ చెయ్యి ఎలా విరిగిందో నీకు మూడు కథలు చెప్పాను కదూ" అన్నారు. "నాలుగోది చెప్పనా?"

"అక్కర్లేదండీ" అన్నాను. పీట మీద టకటకమన్న చప్పుడు ఆ రోజు నేనూ విన్నాను.

"సరే అయితే" అన్నారు.

వసారా అవతల మంచు దిగుతోంది. నా అలవాటు నన్ను వదలదు. అంత బరువుగా ఉన్నచోట నిలబడలేను. సూది తీశాను. "అంతా బాగానే ఉందిగాని అక్కగారూ, మరి చివర్లో ఆ మూర్ఛ సంగతేమిటి? ఉంగరం చూసి ఆనందంతో పడిపోయిందని స్పష్టంగా అచ్చువేశారు."

ఆవిడ ఈనెపుల్ల విరిచి, కుట్టు బిగించి, విస్తరిని దీపానికి ఎదురుగా పట్టి చిల్లులున్నాయేమో చూశారు.

"ముందు తలుపు వేసుకుంటే పెరటి దారిన వచ్చాడు కదయ్యా" అన్నారు. "మూర్ఛపోక ఏం చేస్తుంది?"